పక్కింటి చెట్టు నీడకు ధర కట్టకండి

ప్రశ్న: సికింద్రాబాద్ సైనిక్‌పురిలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్నాం. అద్దె నెలకు రూ.24,000. నాకు 44 ఏళ్లు, మావారికి 45. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి రూ.1,45,000 వస్తాయి, పొదుపు రూ.34 లక్షలుంది. ఈ చెట్లనూ ప్రశాంతతనూ వదల్లేక ఇక్కడే కొనాలనుకుంటున్నాం. గృహప్రవేశానికి సిద్ధంగా ఉన్న కొత్త ఫ్లాటు రూ.90 లక్షలు, భూమిలో వాటా 28 గజాలు. పక్క వీధిలో 18 ఏళ్ల పాత ఫ్లాటు రూ.68 లక్షలు, వాటా 52 గజాలు. ఏది కొనమంటారు?

జవాబు: పాత ఫ్లాటు పత్రాలు సక్రమంగా ఉంటే దాన్నే కొనండి, లేదంటే మరికొంత కాలం అద్దెలోనే ఉండండి. కొత్త ఫ్లాటు మాత్రం మీ ఆదాయానికి మించిన బరువు.

రూ.30 లక్షలు దాటి రూ.75 లక్షల లోపు ఉండే గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం వరకే బ్యాంకులు ఇవ్వగలవు. అంటే కొత్త ఫ్లాటుకు గరిష్ఠంగా రూ.72 లక్షలు వస్తాయి. మిగిలిన రూ.18 లక్షలకు తోడు తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో రూ.6.75 లక్షలు మీరే పెట్టుకోవాలి. మీవారు 60 ఏళ్లకు చేరేలోగా అప్పు తీరాలంటే 15 ఏళ్ల గడువే ఉంది కాబట్టి, 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు దాదాపు రూ.70,900 కట్టాలి. ఇది మీ జీతాల్లో సగానికి దగ్గర. ఒకరి ఉద్యోగానికి ఆటంకం కలిగితే ఆ ఇల్లు నిలుపుకోవడం కష్టం. పాత ఫ్లాటుకు రూ.48 లక్షల రుణం తీసుకుంటే వాయిదా రూ.47,300 దగ్గర ఆగుతుంది. సొంత వాటా రూ.20 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు రూ.5.1 లక్షలు, మరమ్మతులకు రూ.3 లక్షలు పోగా ఆరు నెలల ఖర్చులకు సరిపోయే సొమ్ము చేతిలో మిగులుతుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి సొంతంగా నివసించే ఇంటి వడ్డీపై మినహాయింపు ఉండదు కాబట్టి, పన్ను ఆదాను ఈ లెక్కలో కలపకండి.

ఇక మీ మనసును కట్టిపడేస్తున్న పచ్చదనం గురించి. సైనికోద్యోగుల కోసం వెలసిన ఆ కాలనీలో నీడ చాలావరకు పెద్ద ప్లాట్లలోని పాత ఇళ్లది. మీ బాల్కనీ మీదకు వంగిన వేపకొమ్మ పక్కింటివారిదైతే, వారు స్థలాన్ని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చిన రోజున అక్కడ స్తంభాల గోతులు తవ్వుతారు. చెట్టు కొట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలన్న నిబంధన ఉన్నా, దాని మీద భరోసాతో అదనంగా లక్షలు పోయడం తెలివైన పని కాదు. మీ దస్తావేజులో రాసి ఉండేది నేలలో వాటా మాత్రమే. ఆ లెక్కన పాత ఫ్లాటులో దాదాపు రెట్టింపు భూమి వస్తోంది, భవనం ఏటా విలువ కోల్పోతున్నా ఆ గజాలు తరగవు.

అయితే పాతదానికి పరీక్ష ఎక్కువే. మంజూరైన ప్లానుకు మించి అంతస్తు వేశారేమో, కాప్రా చెరువుకు సమీపమైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) పరిధిలోకి గానీ, దాని చుట్టూ కట్టడాలు నిషేధించిన బఫర్‌లోకి గానీ వస్తుందేమో ముందే చూడండి. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించి లాయరుకు చూపండి. అసోసియేషన్ జమాఖర్చుల పుస్తకంలో ఏప్రిల్, మే పేజీలు తిప్పి, నీళ్ల ట్యాంకర్లకు ఎంత రాశారో గమనించండి. బోరు పరిస్థితి అమ్మేవారి మాటల్లో కంటే అక్కడే బాగా కనిపిస్తుంది. భవనం వయసును బట్టి కొన్ని బ్యాంకులు రుణ గడువు తగ్గిస్తాయి కాబట్టి, బయానా ఇవ్వకముందే బ్యాంకును అడగండి.

మరో మాట. ఆ ప్రాంతపు పాత యజమానుల పిల్లలు చాలామంది విదేశాల్లో ఉంటారు. అమ్మేవారు ఇక్కడే నివసిస్తుంటే రూ.50 లక్షలు, అంతకు మించిన కొనుగోలుపై 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే మినహాయించే పన్ను) పట్టి కడితే చాలు. ఎన్నారై అయితే ఆ 1 శాతం సూత్రం వర్తించదు, అంతకంటే చాలా ఎక్కువ పట్టుకోవాలి, పట్టకపోతే ఆదాయపు పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. అందువల్ల అమ్మకందారు నివాస హోదా ఏమిటో రాతపూర్వకంగా తెలుసుకుని, చార్టర్డ్ అకౌంటెంటును సంప్రదించాకే అగ్రిమెంటు మీద సంతకం చేయండి.