డార్మ్ అల్మారాలో పట్టేన్ని బట్టలే తెచ్చుకోండి

ఆగస్టు దగ్గర పడుతోందంటే చదువుకు అమెరికా బయలుదేరే పిల్లల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. "అక్కా, రెండు సూట్‌కేసులూ నిండిపోయాయి. స్వెటర్లు ఇంకా బయటే ఉన్నాయి. ఏం తీసెయ్యమంటారు?" నేను తిరిగి ఒక్కటే అడుగుతాను. అమెరికాలో మీకిచ్చే డార్మ్ (యూనివర్సిటీ హాస్టల్) గదిలో బట్టలు పెట్టుకునే చోటు ఎంతుందో కనుక్కున్నారా? చాలామంది కనుక్కోరు. విమానం వాళ్ళిచ్చే బరువును చూసి సర్దేస్తారు. గది కొలతలు యూనివర్సిటీలో గదులు కేటాయించే హౌసింగ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి అడగొచ్చు. ముందు ఆ పని చెయ్యండి.

నేను చేరిన గది ఇద్దరిది. నా వంతు అల్మారాలో హ్యాంగర్లు తగిలించే కడ్డీ మూడడుగులు, దానిపైన ఒక అర, పక్కన మూడు సొరుగులు. అంతే. మూడడుగులంటే 36 అంగుళాలు. సన్నటి హ్యాంగర్‌కు వేసిన చొక్కాకి ఒక అంగుళం కావాలి, చలికోటు ఒక్కదానికే నాలుగైదు అంగుళాలు పోతాయి. కాగితం మీద ముప్ఫై పట్టేటట్టే ఉంటుంది. కానీ అంత కిక్కిరిసి తగిలిస్తే ఒకటి లాగినప్పుడు పక్కవి రెండు కింద పడతాయి, మిగతావన్నీ నలిగిపోతాయి. వేలాడేవి పదిహేను, మరీ కావాలంటే ఇరవై. మిగతావి మడతపెట్టి సొరుగుల్లోకి వెళ్ళాల్సిందే.

విద్యార్థుల టికెట్లలో సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు చెక్-ఇన్ బ్యాగులు ఉంటాయి. మీ టికెట్ మీద ఏముందో చూసుకోండి. ఆ 46 కిలోల్లో ఒక్క సూట్‌కేసు మాత్రమే బట్టలకు ఇవ్వండి, అదీ నిండా వద్దు. గాలి తీసేసే వాక్యూమ్ సంచులను నమ్ముకునేవాళ్ళకు ఒక మాట. అవి చోటును తగ్గిస్తాయి గానీ బరువును తగ్గించవు. గదిలో సంచి విప్పగానే ఆ గుట్ట మళ్ళీ మునుపంత అవుతుంది.

ఎన్ని జతలు అన్నది లాండ్రీని బట్టి తేల్చుకోవాలి. వారానికి ఒకసారి ఉతుక్కుంటారు అనుకుందాం. పైన వేసుకునేవి ఎనిమిదో తొమ్మిదో, ప్యాంట్లు నాలుగు, అందులో జీన్స్ రెండు దాటొద్దు. జీన్స్ బరువు, చోటు ఎక్కువ, ఆరడం ఆలస్యం. లోదుస్తులు, సాక్సులు మాత్రం పధ్నాలుగు రోజులకు సరిపడా తెచ్చుకోండి. పరీక్షల వారంలో లాండ్రీ వాయిదా పడుతుంది, అప్పుడు మిమ్మల్ని గట్టెక్కించేవి అవే. అవి ఒక సొరుగులో మూలకు సర్దుకుంటాయి కూడా.

ఇక్కడ డ్రైయర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నా మొదటి నెలంతా దాని బాధే. కొత్త కాటన్ కుర్తాలు ఆరు కుట్టించుకుని వచ్చాను, ఒక్కటీ ముందు ఉతకలేదు. ఇంటి దగ్గర బకెట్లో విడిగా జాడించే ఎర్ర చున్నీని ఇక్కడ అన్నిటితో కలిపి మెషీన్లో పడేశాను. మూత తీసేసరికి తెల్ల చొక్కాలు రెండూ గులాబీ రంగులో ఉన్నాయి. తర్వాత అన్నిటినీ ఎక్కువ వేడి మీద డ్రైయర్లో వేశాను. మణికట్టు దాకా ఉన్న చేతులు ముంజేతి సగానికి వచ్చాయి. గది తలుపు వేసుకుని ఏడ్చాను, అమ్మ దగ్గరుండి కుట్టించిన బట్టలవి. అందుకే చెబుతున్నాను. తెచ్చే ప్రతి కాటన్ బట్టనూ బయలుదేరే ముందు రెండుసార్లు ఉతికి, రంగు పోతుందో కుంచించుకుపోతుందో చూసుకోండి. రంగు వదిలే బట్ట అక్కడే ఉండిపోనివ్వండి. ఇక్కడ మాత్రం చల్లనీళ్ళలో ఉతికి, తక్కువ వేడి మీద ఆరబెట్టుకోండి.

ఇస్త్రీ కావాల్సిన బట్టలు కూడా తగ్గించుకోండి. మన ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల కరెంటుకు చేసింది, ఇక్కడిది 120. ప్లగ్గు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు కాబట్టి ఆ పెట్టెకు అందేది నాలుగో వంతు శక్తే. గదిలో ఇస్త్రీ పెట్టెలు వాడనివ్వని డార్మ్‌లూ చాలా ఉన్నాయి. గంజి పెట్టే చీరలు, లినెన్ చొక్కాలు మీకు ఇక్కడ భారమే. డ్రైయర్ ఆగీ ఆగగానే తీసి వేడిగా ఉండగానే మడతపెడితే టీషర్టులు, పాలియెస్టర్ కలిసిన చొక్కాలు పెద్దగా నలగవు.

చలి బట్టల విషయంలో అమ్మానాన్నలకు టెన్షన్ ఎక్కువ. ఆగస్టులో మీరు దిగేసరికి చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎండలే. టెక్సస్, ఫ్లోరిడా వెళ్ళేవాళ్ళకు మందపాటి కోటు పని తక్కువ. మిషిగన్, మిన్నెసోటా వెళ్ళేవాళ్ళకు అక్టోబరులోనే అవసరం పడొచ్చు. ఎక్కడికైనా సరే, ఆ కోటు ఇండియాలో కొని మోసుకురావద్దు. ఇక్కడికొచ్చాక, ఆ ఊళ్ళో జనం ఏం వేసుకుంటున్నారో చూసి, లోపల స్వెటర్ పట్టే సైజులో కొనండి. ఇంటి దగ్గరినుంచి తెచ్చుకోవాల్సింది ఒక ఫ్లీస్ జాకెట్, చలికి లోపల ఒంటికి అంటుకునేలా వేసుకునే థర్మల్స్ రెండు జతలు. థర్మల్స్ కాటన్‌వి కాకుండా ఉన్నివో పాలియెస్టర్‌వో చూడండి, కాటన్ చెమట పీల్చుకుని ఒంటిని చల్లబరుస్తుంది. క్లాసుల్లో హీటింగ్ ఉంటుంది, లోపలికి రాగానే పైవి విప్పెయ్యాలి. అందుకే ఒక లావు స్వెటర్ కంటే పలచనివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేసుకోవడమే మేలు, అల్మారాలోనూ తక్కువ చోటు పడుతుంది.

చెప్పులు, బూట్లు మూడు జతలు చాలు: నడిచే షూస్ ఒకటి, ఫార్మల్ ఒకటి, అందరూ వాడే బాత్రూమ్‌కు రబ్బరు చెప్పులు. మంచు బూట్లు ఇక్కడే కొనుక్కోండి. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు మంచి తోలు బూట్లను పాడుచేస్తుంది. కొనేటప్పుడు నంబరు చూసుకోండి, మగవాళ్ళ షూస్ మన 8 నంబరు అంటే ఇక్కడ దాదాపు 9.

ఒకదాన్ని మాత్రం తగ్గించొద్దు. ఇంటర్వ్యూ సూట్. కంపెనీలవాళ్ళు వచ్చి విద్యార్థులను కలిసే కెరీర్ ఫెయిర్లు చాలా చోట్ల సెప్టెంబరు, అక్టోబరులోనే పెడతారు, అప్పటికి షాపులు తిరిగే తీరిక ఉండదు. మీ కొలతలకు కుట్టించిన ముదురు నీలం సూట్ ఒకటి, దానికి రెండు చొక్కాలు. అమ్మాయిలైతే బ్లేజర్, ప్యాంటు. కవర్లో పెట్టి కడ్డీకి ఒక చివర తగిలించండి. దీపావళికీ సంక్రాంతికీ ఒకే మంచి జత చాలు. "ఇంకొకటి పెట్టుకో" అని అమ్మ అంటే కాదనడం కష్టం, నాకు తెలుసు. అయినా ఒక్కటే.

టీషర్టులకు చోటు వదిలి రండి. ఓరియెంటేషన్లోనూ క్లబ్బుల్లోనూ ఊరికే ఇస్తూనే ఉంటారు, మొదటి సెమిస్టర్ పూర్తయ్యేసరికి నా దగ్గర ఏడు పోగయ్యాయి.

ఖాళీ సూట్‌కేసుల సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. చిన్నదాన్ని పెద్దదాంట్లో పెట్టి మంచం కిందకు తోసెయ్యాలి, అంటే మంచం ఎత్తు తెలియాలి. మెత్తటి గుడ్డ సూట్‌కేసైతే కొంచెం అణిగి దూరుతుంది, గట్టి పెంకుది దూరదు. చాలా డార్మ్‌లలో మంచం ఎత్తు పెంచుకోవచ్చు, అదీ ఆ ఈమెయిల్లోనే అడగండి. ఎండాకాలంలో స్వెటర్లు, చలికాలంలో పొట్టిచేతుల చొక్కాలు అందులోనే దాచుకోవచ్చు.

బయలుదేరడానికి పది రోజుల ముందు ఇంట్లో ఒక పని చెయ్యండి. మీ బీరువాలో మూడడుగులు కొలిచి, తేవాలనుకున్న బట్టలు అక్కడే సర్ది, పది రోజులూ అవే కట్టుకోండి. ఒక్కసారైనా చెయ్యి వెళ్ళని బట్ట ఉంటే తీసి అమ్మకు ఇచ్చెయ్యండి. నిజంగా కావాలనిపిస్తే డిసెంబరులో వచ్చేవాళ్ళెవరి చేతనైనా తెప్పించుకోవచ్చు.