చుక్క కనబడగానే పరుగెత్తకు

ఒరే నాన్నా,

నీ మెసేజ్ చూశాను. శాటిలైట్ ఫొటోలో గుండ్రంగా ఒక గీత కనబడుతోంది, పాత కోటేమో అని రాశావు. కోటే కావచ్చు. ఎవరో మట్టి తవ్వుకుపోయిన గుంటా కావచ్చు, ట్రాక్టరు తిరిగిన జాడా కావచ్చు. మ్యాపుల ముందు కూర్చుని నేను పడ్డ తిప్పల్లోంచి నీకు పనికొచ్చేవి కొన్ని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు చుక్కల సంగతి. పురావస్తు స్థలాల మ్యాపు ఏది తెరిచినా తెర నిండా చుక్కలే. చుక్క ఉన్న చోటే స్థలం ఉందనుకోవడం అందరూ చేసే పొరపాటే. దాని మీద నొక్కి, పక్కన తెరుచుకునే వివరాలు చివరిదాకా చదువు. ఎవరు నమోదు చేశారు, ఏ సంవత్సరంలో, వెళ్లి కొలిచారా లేక పాత రిజిస్టరు చూసి ఎక్కించారా? చాలాసార్లు ఆ చుక్క దగ్గర్లోని ఊరిది, కాకపోతే పెద్ద ఆవరణకు నడిమధ్య పెట్టినది. చుక్క అక్షాంశ, రేఖాంశాల అంకెలు కూడా కొంత చెబుతాయి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. అంటే దశాంశం తర్వాత రెండు అంకెలే ఉంటే కిలోమీటరు దాకా తేడా రావచ్చు, నాలుగుంటే పది మీటర్ల దాకా. ఆరు అంకెలున్నాయని మురిసిపోకు. కంప్యూటర్ ఎన్ని అంకెలైనా వేస్తుంది, చుక్క పెట్టినాయన కాగితం మీద ఉజ్జాయింపుగా వేలు పెట్టి చూపించి ఉంటాడు.

ఇంకో మాట. మ్యాపు వెతుకుడు పెట్టెలో అక్షాంశం ముందు రాస్తాం. మ్యాపులోకి స్థలాలు ఎక్కించే కేఎంఎల్, జియోజేసన్ అనే రకం ఫైళ్లలో రేఖాంశం ముందు వస్తుంది. ఇది తెలియక నేనొకసారి సాయంత్రమంతా కూర్చుని నలభై స్థలాలు ఎక్కించాను. తీరా చూస్తే అన్నీ సముద్రం పాలు! అంకెలు ఖాళీగా వదిలేసినవి సున్నా డిగ్రీల దగ్గర, ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో పోగుపడ్డాయి. అక్కడ దీవేమీ లేదు. మ్యాపులవాళ్లు సరదాగా దానికి నల్ ఐలాండ్, అంటే శూన్య దీవి అని పేరు పెట్టుకున్నారు.

ఇక అసలు పని, ఫొటో చదవడం. పూడిపోయిన కందకంలో మట్టి లోతుగా, తేమగా ఉంటుంది. దాని మీద పైరు ఏపుగా, ముదురు పచ్చగా పెరుగుతుంది. నేల కింద గోడ ఉంటే వేళ్లకు దారి దొరక్క అక్కడి పైరు గిడసబారి ముందే పండుతుంది. వానలు బాగా పడిన ఏడు ఈ తేడా కనబడదు, ఎండలు మండిన ఏడే బయటపడుతుంది. 2018 వేసవిలో ఐర్లండ్‌లో న్యూగ్రేంజ్ అనే పురాతన సమాధి దిబ్బ దగ్గర అదే జరిగింది. అంతవరకూ ఎవరికీ తెలియని పాత కట్టడపు పెద్ద వలయం డ్రోన్ కెమెరాకు చిక్కింది. ఏళ్ల తరబడి జనం చూస్తున్న పొలమే అది. అందుకే ఒక్క ఫొటో చూసి "ఇక్కడేమీ లేదు" అనేయకు. గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలు చూపించే గడియారం బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని వెనక్కి జరుపుతూ కరువు ఏళ్లను వెతుకు. తేదీ తప్పకుండా చూడు, ఒకే తెర మీద పక్కపక్క ముక్కలు వేర్వేరు రోజులవి అయ్యుంటాయి.

మట్టిదిబ్బలకు నీడ కావాలి. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు తీసిన ఫొటోలో జానెడు ఎత్తు గట్టు కూడా తెలుస్తుంది. కానీ ఇక్కడ మన కన్నే మోసం చేస్తుంది. ఉత్తరార్ధగోళంలో నీడలు ఎక్కువగా ఉత్తరానికి, అంటే మ్యాపులో పైకి పడతాయి. మన బుర్రేమో వెలుగు పైనుంచే వస్తుందనుకుంటుంది. దాంతో గుంట దిబ్బలా, దిబ్బ గుంటలా కనబడుతుంది. అనుమానం వస్తే మ్యాపును తలకిందులు చేసి చూడు. నేను మొదట్లో లాప్‌టాప్‌నే తిప్పేదాన్ని, దిక్సూచి గుర్తు తిప్పితే సరిపోతుందని తర్వాత తెలిసింది.

ఇళ్లు, కాలువలు, పెద్ద యంత్రాలు వచ్చాక పోయిన జాడలు ఇప్పటి ఫొటోల్లో దొరకవు. వాటికి కొరోనా ఫొటోలు చూడు. జబ్బు కాదురా, అమెరికా గూఢచారి ఉపగ్రహాల పేరది. 1960 నుంచి 1972 దాకా తీసిన ఆ నలుపు తెలుపు ఫొటోలను 1995లో బయటపెట్టారు. ఎనిమిది లక్షలకు పైనే ఉన్నాయి. తర్వాత ఆనకట్టల కింద మునిగిపోయిన దిబ్బలు కూడా వాటిలో కనబడతాయి.

అడవి ఉన్న చోట ఫొటోతో లాభం లేదు, లిడార్ కావాలి. విమానంలోంచి లేజర్ కిరణాలు వదిలి, ఆకుల సందుల్లోంచి నేలను తాకి వచ్చినవాటితో నేల రూపం గీస్తారు. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో, మాయా అనే జాతి వాళ్లు కట్టుకున్న కరకోల్ అనే పాత నగరం చుట్టూ 2009లో ఇలా 200 చదరపు కిలోమీటర్లు కొలిచారు. అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా అడవిలో నడిచి కొలిచింది దానిలో చిన్న ముక్క.

పాత మ్యాపులను ఇప్పటి ఫొటో మీద పరిచి చూసే సైట్లలో నాకు నచ్చింది స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయానిది. పైపొరను పలచగా చేసుకుంటూ కింద ఏముందో చూడొచ్చు. ఆ దేశపు పాత సర్వే మ్యాపుల్లో పురాతన స్థలాల పేర్లను గోథిక్ అనే పాతకాలపు మెలికల అక్షరాల్లో అచ్చేసేవారు. అందుకే ఏ మ్యాపైనా సూచిక చదవకుండా మొదలుపెట్టకు.

ఖాళీగా ఉన్న చోటు గురించి కూడా చెప్పాలి. చుక్కలన్నీ రోడ్ల వెంబడే ఉన్నాయంటే పూర్వీకులు రోడ్ల పక్కనే బతికారని కాదు, సర్వేవాళ్లు అక్కడిదాకే వెళ్లారని. కొన్ని స్థలాలను కావాలనే దాచిపెడతారు. అమెరికాలో 1966 నాటి చారిత్రక సంరక్షణ చట్టం కిందే అలా దాచే వీలుంది, దొంగ తవ్వకాల భయంతో. అలాంటి చోట మ్యాపులో చుక్క ఉండదు, ఉన్నా కావాలనే జరిపి పెడతారు. కచ్చితమైన చోటు కావాలంటే ఆ శాఖకు రాసి అడగాలి. తోటలో దూరినట్టు దూరకూడదు, వెళ్లినా పెంకు ముక్క కూడా తీయకూడదు.

ఇప్పుడు నీ గుండ్రటి గీత. దాన్ని మూడు వేర్వేరు సంవత్సరాల ఫొటోల్లో వెతుకు. అడ్డంగా ఎంతుందో స్కేలు పెట్టి కొలువు. పొలాల్లో తిరిగే నీటి యంత్రాలు కూడా చక్కటి గుండ్రాలే గీస్తాయి, లోపల కూడా అదే నడిమధ్య చుట్టూ చక్రాల జాడలు గుండ్రంగా తిరిగాయేమో చూడు. స్క్రీన్‌షాట్లు నాకొక్కదానికే పంపు, గ్రూపులో పెట్టకు. ప్రతి దాని కింద తేదీ రాయి.

మీ పెద్దమ్మ