సందేహాలు – సమాధానాలు: నకలు వేరు, నకిలీ వేరు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది హిందూపురం. బెంగళూరు కలాసిపాళ్యంలో పదేళ్లుగా చైన్‌సాలు రిపేరు చేస్తున్నాను. కాఫీ తోటల వాళ్లు, చెట్లు కొట్టే కాంట్రాక్టర్లు వస్తుంటారు. పిస్టన్ పట్టేసిన పాత మిషన్‌కు కంపెనీ సిలిండర్ కిట్ వేస్తే ఆ ఖర్చు మిషన్ విలువను మించిపోతుంది. అందుకని వేరేవాళ్లు తయారు చేసిన చవక కిట్ వేసి మిషన్ నిలబెడతాను. ఆ సంగతి ముందే చెప్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి బిల్లు తెలుగులోనే రాస్తాను. మొన్న ఒకాయన బిల్లు మీద ‘నకిలీ సిలిండర్’ అని చూసి, ‘మోసం చేశానని నువ్వే రాసిచ్చావు కదా’ అని గొడవ పెట్టుకున్నాడు. ఆ భాగాలను ఏమనాలి? చైన్‌సాకు తెలుగు మాట ఉందా? ‘మరమ్మతు’, ‘మరమ్మత్తు’ – వీటిలో ఏది సరైనది?

సమాధానం: ఆయన కోపం న్యాయమైనదే. మీ పని కూడా న్యాయమైనదే. మధ్యలో చెడింది మాట. దాన్ని చెడగొట్టింది మీరు కారు, పొద్దున్నే మనందరి ఇళ్లకు వచ్చే పత్రికలు. మొలకెత్తని విత్తనం నాసిరకం. వేరే గింజలు కలిపితే కల్తీ. ఒకరి పేరున్న సంచిలో మరొకరి గింజలు పోసి అమ్మితే నకిలీ. మూడూ మూడు వేర్వేరు తప్పులు. ఇప్పుడు అన్నిటికీ ‘నకిలీ విత్తనాలు’ అనే శీర్షికే. రైతుకు జరిగిన నష్టం ఏమిటో ఆ మాట చెప్పదు. తప్పు ఎవరిదో అసలే చెప్పదు.

‘నకిలీ’ పుట్టిన ఇంటికి వెళ్దాం. అరబీలో ‘నక్ల్’ అంటే ఒక చోటి నుంచి మరో చోటికి చేరవేయడం. సామాను మోసుకెళ్లినా నక్లే, ఒక కాగితం మీది రాతను ఇంకో కాగితం మీదికి ఎక్కించినా నక్లే. పార్సీ, ఉర్దూల మీదుగా అది మన కచేరీలకు వచ్చి ‘నకలు’ అయింది. చివర రెండు హల్లులు కలిసి ఉంటే మన నాలుక మధ్యలో ఒక అచ్చును చేర్చుకుంటుంది. హుక్మ్ హుకుం అయింది, జుల్మ్ జులుం అయింది, అస్ల్ అసలు అయింది. నక్ల్ నుంచి వచ్చిన ‘నక్లీ’లో ఆ జంట హల్లులు చివర కాక మధ్యలో ఉన్నా, అలాగే అచ్చు చేరి ‘నకిలీ’ అయింది. దాని జంటమాట ‘అసలు’కు అరబీలో అర్థం వేరు, అంటే చెట్టు వేరు. అసలు పాతుకుని ఉండేది, నకలు అక్కడి నుంచి కదిలి వచ్చేది. ఈ జంటలో ఎక్కడైనా మోసం వాసన ఉందా? రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకున్నవాణ్ని ఎవరూ దొంగ అనరు. (దయచేసి ‘నఖలు’ అని రాయకండి. ఆ ఖకారం ఎక్కడి నుంచి ఊడిపడిందో గానీ ఆఫీసు కాగితాల నిండా అదే.)

ఉర్దూలో ‘నక్లీ’ అంటే కృత్రిమమైనదనీ అర్థముంది, దొంగదనీ ఉంది. కట్టించుకున్న పళ్లను వాళ్లు నక్లీ దాంత్ అంటారు, అందులో నింద లేదు. తెలుగులోకి వచ్చాక మాత్రం నకిలీకి నింద ఒక్కటే మిగిలింది. నకిలీ నోటు, నకిలీ డాక్టరు, నకిలీ పాస్‌పోర్టు. అందుకే మన తాతలవి కట్టుడు పళ్లు అయ్యాయి, నకిలీ పళ్లు అని ఏ తెలుగువాడూ అనడు. జాతి ఎంత జాగ్రత్తగా మాట్లాడుతుందో ఈ ఒక్క మాట చాలు చెప్పడానికి.

నకలు అన్న మాట మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, మనకు దక్కిన పాత సాహిత్యమంతా నకలే. నన్నయ చేత్తో రాసిన తాటాకు ఒక్కటీ ఇవాళ లేదు. తాటాకు చెదలు పట్టకముందే ఎవరో దాన్ని చూసి ఇంకో ఆకు మీద గంటంతో గీశారు. ఆ ఆకు పాతబడేలోగా మరొకరు. ఇలా వందల ఏళ్లు పేరు తెలియని లేఖకులు ఎత్తి రాయబట్టే భారతం మన దాకా వచ్చింది. ‘చూసింది చూసినట్టు రాశాను, తప్పున్నా ఒప్పున్నా దోషం నాది కాదు’ అని అర్థం వచ్చే సంస్కృత శ్లోకం రాతప్రతి చివర రాసుకోవడం వాళ్లకు ఆనవాయితీ. పంతొమ్మిదో శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి చేయించిన పని ఏమిటి? ఒకే కావ్యానికి నాలుగు చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, నకళ్లు రాయించి, పక్కపక్కన పెట్టి సరిచూపించడమే. నకలుకు విలువ వచ్చేది ఆ సరిచూడడంలో. సరిచూడని నకలులో ఒక లేఖకుడి పొరపాటు పది మంది చేతుల్లో పదింతలవుతుంది.

మీ ఉత్తరం చదివాక ఫోన్ చేసి, చవక కిట్‌ను ఎలా బిగిస్తారని మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినది విన్నాక బ్రౌన్ పండితులే గుర్తొచ్చారు. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో సిలిండర్ గోడకే రంధ్రాలుంటాయి, పిస్టన్ రింగు వాటి మీదుగా నిమిషానికి వేల సార్లు పోతుంటుంది. చవక సిలిండర్లలో ఆ రంధ్రాల అంచులు ఒక్కోసారి కత్తిలా ఉంటాయి. వాటిని మెత్తగా అరగదీయకుండా బిగిస్తే రింగు తట్టుకుని విరుగుతుంది. ఇంకో మాట కూడా చెప్పారు. పాత పిస్టన్ ఎందుకు పట్టేసిందో తేల్చకుండా కొత్తది వేస్తే అదీ పట్టేస్తుంది. క్రాంక్ దగ్గరి ఆయిల్ సీలు లీకైతే అటునుంచి గాలి దూరుతుంది, పెట్రోలు వంతు తగ్గుతుంది. ఇంజన్‌కు నూనె అందేది ఆ పెట్రోలులో కలిపినదే కాబట్టి నూనె కూడా తగ్గుతుంది, వేడెక్కి పిస్టన్ గీరుకుపోతుంది. అందుకే సీళ్లు, బేరింగులు మాత్రం కంపెనీవే వేస్తానన్నారు. సిలిండర్, క్లచ్ డ్రమ్ము, కవర్లు వేరేవాళ్లవైనా చూసి వేస్తానన్నారు. ఇది సరిచూసిన నకలు. ఇంత శ్రమకు మీరే నకిలీ అని పేరు పెట్టుకోవడం నాకు బాధ కలిగించింది.

మరి ఏమనాలి? కేటలాగుల అనువాదాల్లో ‘అనంతర విపణి భాగాలు’ అనే మాట ఒకటి తిరుగుతోంది. ‘ఆఫ్టర్‌మార్కెట్’ అన్న ఇంగ్లిషు మాటను ముక్కలు చేసి ముక్కకో సంస్కృత పదం అంటించడాన్ని తెలుగు చేయడం అనరు. కలాసిపాళ్యంలో ఎవరికి అర్థమవుతుంది అది?

మనకు ‘మారు’ ఉంది. మారుపేరు, మారుమనువు, మారు తాళంచెవి. మారు తాళంచెవి కంపెనీ చేసింది కాకపోయినా అదే తాళాన్ని తీస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి అనేది ఈ ధాతువులోనే ఉంది. మీ బెంగళూరులో ఖాళీ స్థలాల ముందు ‘మారాటక్కిదె’ అని బోర్డులు చూస్తుంటారు కదా, కన్నడంలో మారు అంటే అమ్ము. తమిళంలో మాఱు అంటే మారడం, మార్చుకోవడం. మూడూ ఒక్క తల్లి బిడ్డలే. ఒక వస్తువు ఇచ్చి ఇంకొకటి పుచ్చుకోవడంలో నుంచే అమ్మకమూ మార్పూ రెండూ పుట్టాయి. అందుకని ‘మారు భాగం’ అనమని చెప్పాలని నాకు మనసు. కానీ గట్టిగా చెప్పలేను. మారువేషంలో దాపరికం ఉంది, మారు తాళం అనగానే దొంగతనం వార్త గుర్తొచ్చేవాళ్లూ ఉన్నారు. మీతో గొడవపడ్డ పెద్దమనిషి దానికీ గొడవపడవచ్చు. ‘డూప్లికేట్’ సంగతి మరీ అన్యాయం. ‘డూప్లికేట్ తాళం’ అంటే మంచిది, ‘డూప్లికేట్ మందు’ అంటే విషం.

ప్రస్తుతానికి ‘వేరే కంపెనీ సిలిండర్’ అని రాసి, తయారుచేసినవాళ్ల పేరు పక్కన పెట్టండి. వాడుకలో కుదురుకుంటే ‘మారు సిలిండర్’ కూడా నాకు సమ్మతమే. ఒక్క విషయంలో మాత్రం సందేహం అక్కర్లేదు. చవక భాగం మీద అసలు కంపెనీ పేరు అచ్చుగుద్ది అమ్మితే అది నకిలీయే. అలాంటిది కొనకండి, వేయకండి.

చైన్‌సాకు ‘గొలుసు రంపం’ చక్కగా ఉంది. తోటల్లో ‘కోత మిషన్’ అంటే అదీ తెలుగే. రంపం గురించి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. అమరకోశంలో ‘క్రకచోఽస్త్రీ కరపత్రం’ అని ఉంది. క్రకచమన్నా కరపత్రమన్నా రంపమే! కరపత్రమంటే చేతితో పట్టే ఆకు, అంటే ఆకులాంటి రేకు. మరాఠీ వాళ్ల ‘కరవత్’ దీని నుంచే వచ్చింది, మీ చుట్టూ ఉన్న కన్నడిగుల ‘గరగస’ క్రకచం నుంచి వచ్చింది. మనం మాత్రం ఎన్నికలప్పుడు చేతికిచ్చే కాగితాన్ని కరపత్రం అంటున్నాం. ఆ అర్థం స్థిరపడిపోయింది, మార్చమని అడగను. పాత అర్థం పిల్లలకు ఒక్కసారైనా చెప్పండి.

ఇక చివరిది. అరబీ ‘మరమ్మత్’లో చివరి తకారం ఒక్కటే. విపత్, విద్యుత్ లాంటి సంస్కృత పదాలు తెలుగులో విపత్తు, విద్యుత్తు అవుతాయి కదా, ఆ అలవాటులో దీనికీ ఒత్తు తగిలించారు. నేను ‘మరమ్మతు’ అనే రాస్తాను. అయితే అలాగే ఉర్దూ నుంచి వచ్చిన ‘కసరత్’ను అందరం ‘కసరత్తు’ అని ఒత్తుతోనే రాస్తున్నాం, నేనూ రాస్తున్నాను. కాబట్టి ‘మరమ్మత్తు’ రాసినవారిని తప్పుపట్టే హక్కు నాకు పూర్తిగా లేదు. మీ బిల్లులో ‘రిపేరు ఛార్జి’ అన్న చోట మాత్రం ‘మరమ్మతు మజూరీ’ అని రాసి చూడండి. కంసాలి దుకాణంలో ‘తరుగు, మజూరీ’ విన్నవారెవరికీ దాన్ని విప్పి చెప్పనక్కర్లేదు.