చెమ్మ ఉన్న కప్పుకు ఫోమ్ కొట్టించవచ్చా?

ప్రశ్న: పై అంతస్తులో వేడి భరించలేకపోతున్నాం. కప్పు లోపలివైపు స్ప్రే ఫోమ్ (కొట్టగానే పొంగి గట్టిపడే ప్లాస్టిక్ నురుగు) కొట్టించమంటున్నారు. అసలిది ఎలా పుట్టింది? వానలప్పుడు కప్పు కాస్త చెమ్మగిల్లుతుంది, ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు చెమ్మ సంగతి తేల్చుకోండి. పద్దెనిమిదేళ్లు ఈ ఫోమ్ కొట్టే గన్ పట్టుకున్నవాణ్ని. మొదటి ఏడాదే, సరిగా ఆరని గోడ మీద ఫోమ్ కొట్టాను. చక్కగా పొంగింది. వారం తిరక్కుండానే పెచ్చులుగా ఊడివచ్చింది. తప్పు నాదే. ఆ ఇంటివాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఈ ఫోమ్ పుట్టుకలోనే నీళ్లున్నాయి. 1937లో జర్మనీలోని లెవర్కూజెన్‌లో ఒట్టో బేయర్ బృందం పాలీయూరిథేన్ కనిపెట్టింది. ఐసోసయనేట్, పాలియాల్ అనే రెండు రకాల రసాయనాలు కలిస్తే తయారయ్యే ప్లాస్టిక్ అది. ఐసోసయనేట్‌కు నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి బుడగలు లేస్తాయి. మొదట్లో లోపమనుకున్న ఆ బుడగలే తర్వాత ఫోమ్ అయ్యాయి. వేడిని అడ్డుకునేది ముఖ్యంగా వాటిలో చిక్కుకున్న వాయువే. కానీ నీళ్లు ఎంతుండాలో ఫార్ములా చెప్పాలి, గోడ చెప్పకూడదు. గోడ చెమ్మ తోడైతే అతుక్కోవలసిన చోటే బుడగలు లేచి పట్టు పోతుంది.

1970లలో చమురు సంక్షోభం వచ్చాక ఇళ్లలో దీని వాడకం పెరిగింది. కోల్డ్ స్టోరేజీలు, ట్యాంకులు, పైకప్పులు, ఇలా ఎన్నిటికో వాడుతున్నారు. అమెరికా స్పేస్ షటిల్ పెద్ద ఇంధన ట్యాంకుకూ ఇలాంటి నురుగే కొట్టేవారు. లోపల మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, బయట సుమారు అంగుళం మందం నురుగు! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మీ విషయానికొస్తే, లోపల క్లోజ్డ్ సెల్ ఫోమ్ (బుడగలు మూసుకుని ఉండే గట్టి రకం) కొట్టిస్తే లీకు కనిపించకుండా పోతుంది, ఆగదు. ముందు పైనుంచి లీకు బాగుచేయించండి. ఫోమ్ కొట్టే రోజు ఇంట్లో ఎవరూ ఉండకూడదు. ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీను. కనీసం 24 గంటలు గడిచాక, గాలి బాగా ఆడాకే తిరిగి రండి. ఫోమ్‌కు నిప్పంటుకుంటుంది కాబట్టి దాన్ని అలా వదిలేయకుండా జిప్సం బోర్డు వేయించండి.

రిపేరు అయ్యాక, ఒక గట్టి వాన వెలిసిన రెండు రోజులకు, కప్పుకు మూరెడు ప్లాస్టిక్ షీట్ పెట్టి నాలుగు అంచులూ టేపుతో మూయండి. ఒక పగలూ రాత్రీ ఉంచి తీయండి. వెనక నీటి చుక్కలుంటే ఇంకా ఆగండి.