మింగితే ఛాతీలో నొప్పి... నోటిపూత మందు సరిపోతుందా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్రలు, ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నాను. మూడు వారాలుగా ఏం మింగినా ఛాతీ మధ్యలో గుచ్చినట్టు నొప్పి. ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో క్యాండిడా అనే ఫంగస్ ఉందన్నారు. ఇదివరకు నోటిపూతకు ఇచ్చిన మందు ఇంట్లో ఉంది. అది వాడితే చాలా?

జవాబు: చాలదు. ఆ మందు తగిలిన చోటే పనిచేస్తుంది. మింగినా అన్నవాహికలో నిలవకుండా జారిపోతుంది. క్యాండిడా ఈస్ట్ అక్కడ తెల్లటి పొరలా అతుక్కుంటుంది. ఎండోస్కోపీలో నీళ్లు చిమ్మినా అది ఊడదు, గీకితే కింద ఎర్రగా ఒరిసిపోయి కనిపిస్తుంది. మింగేటప్పుడు నొప్పి అందుకే. దీనికి రక్తంలో కలిసి అక్కడికి చేరే మందు కావాలి.

సాధారణంగా ఇచ్చేది ఫ్లుకోనజోల్: మొదటి రోజు 400 మి.గ్రా., ఆ తర్వాత రోజుకు 200 నుంచి 400 మి.గ్రా., మొత్తం 14 నుంచి 21 రోజులు. కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గిస్తారు. నాలుగైదు రోజుల్లోనే నొప్పి తగ్గుతుంది. చాలామంది అక్కడే మాత్రలు ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. దయచేసి కోర్సు పూర్తి చేయండి.

మీ విషయంలో నాకు ఎక్కువ ఆందోళన గ్లిమెపిరైడ్ గురించి. దాన్ని కరిగించే కాలేయ ఎంజైమును ఫ్లుకోనజోల్ అడ్డుకుంటుంది కాబట్టి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మొదటి మాత్ర వేసుకునే ముందే మీ షుగర్ డాక్టరుకు చెప్పండి. కోర్సు సాగినన్నాళ్లూ గ్లూకోమీటరుతో తరచూ చూసుకోండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగండి. రక్తం పలచబడే వార్ఫరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి.

ఇన్‌హేలర్ మాత్రం సొంతంగా మానొద్దు. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి, గొంతు గరగర చేసి, ఆ నీళ్లు ఉమ్మేయండి. మింగితే గొంతులో మిగిలిన స్టెరాయిడ్ అన్నవాహికలోకి దిగుతుంది. స్ప్రే రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడండి. పొడి రకానికి అది పనికిరాదు. షుగర్ అదుపులో లేకపోయినా ఈస్ట్ మళ్లీ పెరుగుతుంది కనుక గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కాబట్టి ఒకసారి హెచ్ఐవీ పరీక్ష కూడా అవసరమే, అందులో సంకోచం వద్దు.

వారమైనా నొప్పి తగ్గకపోతే మందుకు లొంగని రకమో, హెర్పిస్ లాంటి వైరస్సో అయ్యుండవచ్చు. మళ్లీ ఎండోస్కోపీ, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాల్సి వస్తుంది. నీళ్లు, ఉమ్మి కూడా దిగకపోయినా, రక్తపు వాంతి అయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.