కన్సల్టింగ్ ఇంటర్వ్యూలో కేస్ అంటే ఏం చేయిస్తారు? మాది అనంతపురం, నాకు జరిగింది చెప్తా

మీరు అడిగింది: మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ (వేరే కంపెనీలకు వ్యాపార సలహాలిచ్చే) కంపెనీ నుంచి పిలుపొచ్చింది, కేస్ ఇస్తారంటున్నారు, అదేంటి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చే మన జిల్లాల పిల్లలకు సాధ్యమేనా అని. సాధ్యమే. నాకు మూడోసారికి ఉద్యోగం వచ్చింది. అదీ అందరికీ తెలిసిన పెద్ద కంపెనీలో కాదు, బెంగళూరులో ఒక మధ్యరకం సంస్థలో. నా మాటల్ని ఆ లెక్కలోనే తీసుకోండి. కేస్ అంటే ఒక కంపెనీ సమస్యను మీ ముందు పెట్టి, అక్కడికక్కడే మాట్లాడుతూ విప్పమనడం.

మొదటిసారి రెండు నిమిషాల్లోనే పోయింది. ఎదురుగా కూర్చున్నావిడ, "ఒక సిమెంట్ కంపెనీ లాభం రెండేళ్లుగా తగ్గుతోంది, ఏం చెయ్యమంటారు?" అన్నారు. బట్టీ పట్టిన ఫ్రేమ్‌వర్క్ అప్పజెప్పాను: ధర పెంచాలి, ఖర్చు తగ్గించాలి, కొత్త మార్కెట్లకు వెళ్లాలి. "ఎందుకు తగ్గిందో తెలియకుండానే?" అన్నారు. అప్పుడు తలొంచుకుని కాగితం మీద లెక్కలు మొదలుపెట్టాను, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు, నోరు విప్పకుండా. తలెత్తేసరికి ఆవిడ నా రెజ్యూమె మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుకుంటున్నారు.

ఆ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అసలు కేస్ ఎలా చెయ్యాలో మా నాయన దగ్గర చూశాను. మాది చిన్న చెనిక్కాయల మిల్లు. కాయ వలిచి విత్తనాలు అమ్ముతాం. మా చిన్నాయనకూ పక్క ఊళ్లో అలాంటిదే ఉంది. "ఈ ఏడు నష్టమొచ్చిందన్నా, రేట్లు బాగలేవు" అని ఆయన మొదలుపెట్టాడు. నాయన సలహా ఏమీ చెప్పలేదు. అడగడం మొదలుపెట్టాడు. పోయినేడు ఏ రేటుకి అమ్మినావు, ఈ ఏడు ఏ రేటుకి? పెద్ద తేడా లేదు. వంద కేజీల కాయకు విత్తనాలెన్ని పడినాయి? డెబ్బై, ఎప్పుడూ పడేదే. కూలి పెరిగిందా? లేదు. మిల్లు ఎన్ని దినాలాడింది? చిన్నాయన కాసేపు ఆలోచించి, "నలభై దినాలు. పోయినేడు తొంభై" అన్నాడు. వానలు తప్పి కాయ రాలేదు. బాడుగ, బ్యాంకు వడ్డీ మాత్రం అంతే ఉన్నాయి. "రేటు కాదురా, కాయ లేక పోయింది నీకు" అన్నాడు నాయన. టీ చల్లారకముందే తేలిపోయింది.

ముప్పై, నలభై నిమిషాల కేసులో చేయాల్సిందీ అదే. లాభాన్ని రాబడి, ఖర్చు అని విడగొట్టాలి. రాబడిని మళ్లీ ఎంత అమ్మాం, ఏ రేటుకి అమ్మాం అని. ఖర్చులో సరుకుతో పాటు పెరిగేవి కొన్ని, మిల్లు ఆడినా ఆడకపోయినా తప్పనివి కొన్ని. ఒక్కోదాని గురించి అడిగి, అక్కడ ఏమీ లేకపోతే వదిలేసి పక్కదానికి పోవాలి. భాగాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, ఏదీ బయట మిగలకూడదు. దీన్ని వాళ్లు 'మీసీ' అంటారు. 1963లో మెకిన్సే అనే పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో చేరిన బార్బరా మింటో అలవాటు చేసిన మాట. మా నాయనకు ఆ పేరు తెలీదు గానీ, బాడుగను రెండుసార్లు మాత్రం లెక్కెయ్యడు.

ఇంకోటి గెస్టిమేట్. ఏదో ఒక సంఖ్యను ఊహించి చెప్పమంటారు. నేను ప్రాక్టీస్ చేసింది ఉగ్గాని మీద: అనంతపురంలో రోజుకి ఎన్ని ప్లేట్లు అమ్ముడుపోతాయి? 2011 లెక్కల్లో ఊరి జనాభా 2.6 లక్షలు, ఇప్పుడు 3 లక్షలు అనుకుందాం. ఇంటికి నలుగురు చొప్పున 75,000 ఇళ్లు. పదిళ్లకు ఒకరు బయట టిఫిన్ చేస్తే 7,500 మంది. అందులో మూడో వంతు ఉగ్గాని తింటే 2,500 ప్లేట్లు. ఇక్కడ ఆపితే సగం మార్కులే. రెండో వైపు నుంచి చూడాలి. బండికి 60 ప్లేట్లు పోతాయనుకుంటే నలభై చిల్లర బండ్లు కావాలి. ఊళ్లో అంతకంటే ఎక్కువే ఉన్నాయని నా కళ్లకు తెలుసు. అంటే ఎక్కడో తక్కువ వేశాను: బస్టాండులో దిగే పల్లె జనాన్ని, హాస్టల్ పిల్లల్ని మర్చిపోయాను. మూడో ఇంటర్వ్యూలో వేరే లెక్క ఇచ్చారు గానీ, ఇలా నా తప్పు నేనే పట్టుకుని పైకి చెప్పినప్పుడు ఎదుటాయన మొదటిసారి నవ్వాడు.

ఇంగ్లీషు గురించి మరీ టెన్షన్ పడకండి. మన యాస ఉంటే ఉండనీ, చిన్న చిన్న వాక్యాలు చాలు. ఆలోచించడానికి ఒక నిమిషం కావాలని అడగొచ్చు, ఇస్తారు. ఆ తర్వాత మాత్రం లెక్క కూడా పైకి చెప్తూ చెయ్యాలి. నేను రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజుకొకటి చేశాను, పాపం వాడు మెకానికల్ డిజైన్‌లో పనిచేసేవాడు. ఒంటరిగా పుస్తకం చదివితే ఈ అలవాటు రాదు.

కొంత సమయం కేస్ కాకుండా మీ గురించే అడుగుతారు: ఎవరినైనా ఒప్పించిన సందర్భం, చెడిపోయిన పని. నేను సీజన్‌లో హమాలీలు పని ఆపేసిన రోజు గురించి చెప్పాను. "మీరు ఏం చేశారు, మీరు?" అని నాలుగుసార్లు తవ్వారు. 'మేము' అంటే ఒప్పుకోరు.

ఒక చేదు నిజం. పెద్ద కంపెనీలు ఎక్కువమందిని పేరున్న కొన్ని క్యాంపస్‌ల నుంచే తీసుకుంటాయి. మన కాలేజీల నుంచి వెళ్తే అసలు పిలుపు రావడమే కష్టం, మీకది వచ్చేసింది. ఇప్పుడు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి, కేసును ఇంటర్వ్యూ చేసేవాళ్లే ప్రశ్నలడుగుతూ నడిపిస్తారా, మీరే నడపాలా అని అడగండి. మెకిన్సేలో వాళ్లే నడిపిస్తారు, చాలా చోట్ల మనమే నడపాలి. అడిగితే చెప్తారు. మొదటి రెండుసార్లు నేను అడగలేదు.