ఓజోన్ అణువు ‘మారుతూ ఉంటుంది’ అనవచ్చా?

సందేహం: ఇంటర్ విద్యార్థుల కోసం రసాయనశాస్త్ర పాఠాలు తెలుగులో రాస్తున్నాను. రెజొనెన్స్ (ఒక్క బొమ్మతో చూపలేని అణువును ఒకటికి మించిన బొమ్మలతో చూపే పద్ధతి) గురించి చెబుతూ ‘ఓజోన్ అణువు రెండు నిర్మాణాల మధ్య మారుతూ ఉంటుంది’ అని రాశాను. ‘ఊగిసలాడుతూ ఉంటుంది’ అంటే ఇంకా బాగుంటుందని మిత్రుడొకరు సూచించారు. ఏది సరైనది? రెజొనెన్స్‌ను ‘అనునాదం’ అనవచ్చా?

సమాధానం: వ్యాకరణం దృష్ట్యా రెండూ చక్కని వాక్యాలే. విషయం దృష్ట్యా రెండూ తప్పు. ‘-తూ ఉండు’ అనే రూపం కాలాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. ఇప్పుడు ఒక స్థితి, కాసేపటికి మరొక స్థితి అన్న అర్థం దానితో తప్పదు. రెజొనెన్స్‌లో ఆ ‘కాసేపు’ లేదు.

ఓజోన్ అణువులో మూడు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. ఎలక్ట్రాన్‌కొక చుక్క చొప్పున కాగితం మీద చుక్కలు పెట్టి చూడండి. ఆక్సిజన్ పరమాణువు బాహ్య కక్ష్యలో 6 ఎలక్ట్రాన్లుంటాయి కనుక మూడు పరమాణువులకు 18 చుక్కలు. ప్రతి పరమాణువు చుట్టూ 8 ఉండాలన్నది అష్టక నియమం. మధ్య పరమాణువుకు ఒక పక్క ద్విబంధం (పంచుకున్న రెండు జంటలు), రెండో పక్క ఏకబంధం (పంచుకున్న ఒక జంట) పెడితే లెక్క కుదురుతుంది. మిగిలిన చుక్కల్లో ఒక ఒంటరి జంట (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంట) మధ్య పరమాణువుకు, రెండు జంటలు ద్విబంధం కొసకు, మూడు జంటలు ఏకబంధం కొసకు చేరతాయి. మరి ద్విబంధాన్ని ఎడమవైపే ఎందుకు పెట్టాలి? కుడివైపు పెట్టినా లెక్క అంతే చక్కగా సరిపోతుంది. రెండు బొమ్మలు పుట్టింది ఇందుకే.

ఇప్పుడు కొలతలు చూద్దాం. ఆక్సిజన్ల మధ్య ఏకబంధం పొడవు సుమారు 148 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్షకోట్లవ వంతు), ద్విబంధం పొడవు సుమారు 121. ఓజోన్‌లోని బంధాలు రెండూ సమానం, ఒక్కొక్కటి దాదాపు 128. అణువు నిజంగా మారుతూ ఉండేదైతే, ఏ క్షణంలో చూసినా ఒక బంధం పొడవుగా, రెండోది పొట్టిగా ఉండాలి. అటువంటి క్షణమే లేదు. మనం గీసిన రెండు బొమ్మల్లో ఏ ఒక్కటీ ఓజోన్ కాదు.

కాబట్టి మీ వాక్యంలో కర్తను కూడా సవరించాలి. ‘ఓజోన్‌కు రెండు నిర్మాణాలు ఉన్నాయి’ అనకండి, ‘ఓజోన్‌కు రెండు చుక్కల నిర్మాణాలు గీయవచ్చు’ అనండి. ఉండడం అణువు పని, గీయడం మన పని. ఆ తరువాత ‘అసలు అణువు వీటిలో ఏ ఒక్కటీ కాదు, రెండింటి లక్షణాలూ కలిసిన ఒకే నిర్మాణం’ అని చేర్చండి. మృదుమధురమైన గానం కాసేపు మృదువుగా, కాసేపు మధురంగా ఉండదు కదా, వింటున్నంతసేపూ రెండూ కలిసే ఉంటుంది. విశేషణ ఉభయపద కర్మధారయాన్ని గుర్తుచేస్తే విద్యార్థికి విషయం పట్టుబడుతుందని నా నమ్మకం. తేడా ఒక్కటే. మృదుత్వం, మాధుర్యం విడివిడిగా కూడా ఉండగలవు, మన రెండు బొమ్మలకు విడి ఉనికి లేదు.

మీరు రాసిన మాటకు చరిత్ర లేకపోలేదు. బెంజీన్‌కు వలయాకార నిర్మాణాన్ని 1865లో ప్రతిపాదించిన జర్మన్ రసాయనశాస్త్రవేత్త కెకూలే, 1872లో ఆ వలయంలోని ఏకబంధాలూ ద్విబంధాలూ నిరంతరం స్థానాలు మార్చుకుంటాయని వివరించాడు. ఆయన భావానికి ‘మారుతూ ఉంటాయి’ అన్నదే సరైన తెలుగు. బెంజీన్‌లోని ఆరు కార్బన్-కార్బన్ బంధాలూ ఒకే పొడవున, దాదాపు 140 పికోమీటర్లు ఉంటాయని నేడు మనకు తెలుసు. ఆ క్రియను ఇక వదిలేయాలి.

‘అనునాదం’ సంగతి. భౌతికశాస్త్రంలో, ముఖ్యంగా ధ్వని పాఠంలో, అది స్థిరపడిన మంచి మాట. రసాయనశాస్త్రంలోకి తెస్తే నాదం, కంపనం వెంటవచ్చి మళ్లీ ఊగిసలాట తలకెక్కుతుంది. నిజానికి ఆ చిక్కు ఇంగ్లీషు పేరులోనే ఉంది. భౌతికశాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ 1926లో హీలియం పరమాణువును వివరిస్తూ, ఒకదానితో ఒకటి ముడిపడి ఊగే కంపకాల గణితంతో పోలిక చూపి, దానిని ‘రెజొనెన్స్’ అన్నాడు. రసాయనశాస్త్రవేత్త పౌలింగ్ తదితరులు ఆ పేరునే బంధాలకు వర్తింపజేశారు. గణితంలోని పోలిక పేరులో మిగిలింది, ఊగడం మాత్రం అణువులో లేదు. అందుచేత ‘రెజొనెన్స్’ అనే ఉంచమని నా సలహా.

అసలు నిర్మాణాన్ని ‘మిశ్రమం’ అని కూడా రాయకండి. కొన్ని అణువులు ఒక రకంగా, కొన్ని మరో రకంగా ఉన్నాయనిపిస్తుంది. ‘రెజొనెన్స్ సంకరం’ అనవచ్చు. కానీ ఆర్బిటాళ్ల (పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే ప్రాంతాల) ‘సంకరీకరణం’ వేరే పాఠమని అక్కడే ఒక ముక్క చెప్పండి. బొమ్మల మధ్య ‘లేదా’ కూడా వద్దు, రెండు కొసలా మొనలున్న ఒకే బాణం గీస్తే చాలు.

‘మారుతూ ఉంటుంది’ అన్న మీ వాక్యానికి తగిన చోటు లేకపోలేదు. ఒకే పదార్థానికి ఉండే కీటో, ఈనోల్ అనే రెండు రూపాల విషయంలో హైడ్రోజన్ పరమాణువు నిజంగానే ఒక స్థానం నుంచి మరో స్థానానికి వెళుతుంది, రెండు రూపాలూ నిజంగానే ఉంటాయి. అక్కడ ఎదురెదురు బాణాలు రెండు గీసి, ‘మారుతూ ఉంటుంది’ అన్న మీ మాటను యథాతథంగా వాడుకోండి.